కాడి నుంచి కమాను పట్టీ దాకా



విత్తనం సంగతో, తెగులు సంగతో చెప్పవలసిన మనిషి యీవేళ బండి సంగతి యెత్తుకున్నాడేమిటా అని మీరు అనుకోవచ్చును. పండిన పంట అంగడికి చేరితేనే గదా మన చేతికి నాలుగు రూకలు వచ్చేది. మా పత్తికొండ వైపు టమాటా కానివ్వండి, వుల్లిగడ్డ కానివ్వండి, పత్తి కానివ్వండి, చేని గట్టు నుంచి అంగడి దాకా మోసేది ఇప్పుడు పికప్ బండే. ఆ బండిని మనం కొన్నది కొన్నట్టు వుంచుతున్నామా అంటే లేదు. వెనక కమాను కట్టకు రెండు మూడు పట్టీలు అదనంగా వేయిస్తాం. పక్క తలుపుల మీద ఇంకో అడుగో, అడుగున్నరో చట్రం కట్టిస్తాం. కొందరు వెనక భాగాన్ని కూడా పొడిగిస్తారు. ఇదంతా చేసి, "ఇప్పుడు బండి బలపడింది" అనుకుంటాం. నిజంగా బలపడిందా? దీనికి జవాబు కావాలంటే, మన నేలమీద బరువు యెట్లా నడిచిందో కొంచెం వెనక్కి పోయి చూడవలెను.

మనకు దగ్గరలోనే రాజుల మండగిరిలోనూ ఎర్రగుడిలోనూ అశోకుని శాసనాలు వున్నాయి గదా. ఎర్రగుడి బండమీద చెక్కిన వాటిలో ఒకటి, దారుల వెంట మనుషులకూ పశువులకూ పనికివచ్చేట్టు బావులు తవ్వించిన సంగతీ, చెట్లు నాటించిన సంగతీ చెబుతుంది. ఇరవైరెండు వందల యేళ్ళ కిందటనే బరువు మోసే పశువు దప్పిక ప్రభువు లెక్కలో చేరిందన్న మాట. ఆ తరువాత వందల యేళ్ళపాటు మన సీమలో దూరపు సరుకు బండిమీద కంటే ఎద్దు వీపుమీదనే యెక్కువగా నడిచింది. లంబాడీలు పెద్ద పెద్ద మందలు కట్టుకొని పెరికె ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసేవారు. బండికి దారి కావాలి, పెరికె ఎద్దుకు కాలిబాట చాలు.

1800లో నిజాము యీ సీమను కుంఫిణీ వారికి వదిలిపెట్టినాడు. దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ పనిచేసి, తరువాత మద్రాసు గవర్నరై, 1827 జూలై 6న పర్యటనలో మన పత్తికొండలోనే కలరా తగిలి చనిపోయినాడు. ఆ రోజుల్లో గవర్నరైనా సరే, గుర్రంమీదో పల్లకీలోనో పోవలసిందే. దారులు బాగుపడిన కొద్దీ బండ్లు పెరిగినవి. 1871 నాటికి మద్రాసు నుంచి గుత్తి, ఆదోని మీదుగా రాయచూరుకు రైలు నడిచింది. అప్పటి నుంచీ పత్తి బోరేలతో బండ్లు రైలు స్టేషన్ల దారి పట్టినవి.

ఆ బండి యెట్లాంటిదో మీలో పెద్దవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. చిన్నవాళ్ళ కోసం చెప్తా. రెండు కొయ్య చక్రాలు, చక్రానికి ఆకులు, చుట్టూ ఇనుప పట్టా, నడుమ ఇరుసు, చక్రం జారిపోకుండా శీల, ముందుకు నొగలు, నొగల కొసన కాడి. అంతే. కమాను అన్నది లేదు. రాయి తగిలితే ఆ దెబ్బ చక్రం నుంచి ఇరుసుకూ, ఇరుసు నుంచి నొగలకూ, నొగల నుంచి ఎద్దు మెడకూ పోయేది. ఎండాకాలం కొయ్య ఎండి పట్టా వదులైతే చక్రాన్ని తెచ్చి నీళ్ళలో నానబెట్టేవారు. కందెన ఆరిపోతే ఇరుసు కీచుమని అరిచేది. ఆ అరుపు ఊరి పొలిమేర దాకా వినిపించేది. బండివాడు విననట్టు నటించడానికి వీలులేదు, ఇంకొకడు తిట్టేవాడు.

అన్నిటికన్నా ముఖ్యం ఎద్దు. బరువు మితి మీరితే అది మెడ వంచి ఆగిపోయేది. ఇంకా కొడితే మోకాళ్ళమీద కూలబడేది. ఏ రైతూ తన జత ఎద్దులను చంపుకొని సరుకు అమ్ముకోడు గదా. అంచేత బండికి యెంత వేయాలన్న లెక్క కాగితంమీద లేకపోయినా ఎద్దు మెడమీద వుండేది. "ఇంక చాలు" అని చెప్పే నోరు లేని పెద్దమనిషి ఆ బండికి ముందు నడిచేవాడు. 1876లో మొదలైన ధాత కరువులో మేత లేక ఎద్దులు చచ్చినప్పుడు, రైలు తెచ్చిన ధాన్యాన్ని కూడా స్టేషను నుంచి పల్లెకు చేర్చడం కష్టమైపోయింది. అట్లా ఎద్దు విలువ తెలిసిన సీమ మనది.

ఇక కమాను కథ. కమాను అంటే విల్లు. పారసీ వాళ్ళ మాట మన మెకానిక్కుల నోట అట్లాగే నిలిచిపోయింది. మాట సరిగ్గానే కుదిరింది. విల్లు వంగుతుంది, వదిలితే తిరిగి లేస్తుంది. సీమలో గుర్రపు బగ్గీలు చేసే ఒబాడయా ఇలియట్ అనే లండన్ పనివాడు 1804లో రెండు విండ్లను ఒకదానికొకటి ఎదురుగా పెట్టినట్టుండే ఉక్కు కమానులకు పేటెంటు పుచ్చుకున్నాడు. సీమ అంటే ఇక్కడ రాయలసీమ కాదు సుమండీ, ఇంగ్లండు. కమాను తగిలించాక బగ్గీలు తేలికైనవి, కుదుపు తగ్గింది. మన వూళ్ళలోకి జట్కా బండితో పాటు కమాను వచ్చింది. మనుషులు యెక్కే జట్కాకు కమాను వుంది, సరుకు మోసే ఎద్దుల బండికి లేదు.

కమాను కట్టలో పట్టీ మీద పట్టీ యెందుకు పేరుస్తారు, ఒకే లావు పట్టీ వేయరాదా అని అడిగేవాళ్ళున్నారు. మంచి ప్రశ్న. మీ ఇంటి దగ్గర ఎండిన పత్తి కట్టె వుంటే చూడండి. సన్నని పుల్లలు పది పట్టుకొని వంచితే అన్నీ కలిసి వంగుతవి, వదిలితే లేస్తవి. ఆ పదింటి లావుతో ఒకే కట్టెను అంతే వంచబోతే అది పెళుక్కుమంటుంది. ఉక్కుకూ అదే న్యాయం. పట్టీ మందం రెండింతలైతే దాన్ని వంచడానికి యెనిమిదింతల బలం కావాలి. సన్న పట్టీ వంగినంత మేరా దాన్నీ వంచితే దాని పైపొరమీద పడే లాగుడు రెండింతలవుతుంది. అందుకనే కంపెనీవాళ్ళు మందం, పొడుగు, వంపు అన్నీ లెక్కగట్టి ఒక్కొక్క పట్టీ తన వంతు బరువు మాత్రమే తీసుకునేట్టు కట్టను అమరుస్తారు. అన్నింటికీ పైన రెండు కొసలా చెవులున్న పెద్ద పట్టీ. చాలా బండ్లకు రెండో పట్టీ కొసను ఆ చెవి చుట్టూ కొంత మడిచి వుంచుతారు. పెద్ద పట్టీ చెవి దగ్గర విరిగితే ఇరుసు ఒక్కసారిగా జారిపోకుండా అది కాసేపు పట్టుకుంటుంది. నడుమ ఒక బోల్టు, దానికి అటూ ఇటూ కట్టనంతటినీ ఇరుసుకు బిగించి పట్టే యు బోల్టులు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికివస్తుంది.

1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరు చేసినాడు. 1930ల నాటికి మన దేశంలో ఆ పేరుతో ఎద్దుల బండ్లకు గాలి టైర్లు వచ్చినవి. ఇప్పటికీ టైరు బండిని డన్‌లప్ బండి అనేవాళ్ళు వున్నారు. టైరు బండి వచ్చాక అదే జత ఎద్దులు యెక్కువ బరువు లాగినవి. ఆ మిగిలిన శ్రమ ఎద్దుకు దక్కిందా? లేదు, దానిమీద ఇంకో నాలుగు బస్తాలు యెక్కినవి. 1970లలో బెంగుళూరు ఆచార్యుడు ఎన్.ఎస్. రామస్వామి గారు ఎద్దు మెడ పుండ్ల గురించీ, కాడి గురించీ, చక్రం గురించీ దేశమంతా తిరిగి చెప్పినారు. బండి బాగుపడినప్పుడల్లా ఆ మేలును బరువే మింగేస్తున్నదన్న సంగతి పికప్ బండి కథలోనూ మళ్ళీ కనబడుతుంది.

మోటారు బండి విషయానికి వద్దాం. అమెరికాలో మోడల్ టి కారు వచ్చిన కొత్తలో అక్కడి రైతులు వెనక సీటు పీకి పారేసి, కొయ్యపెట్టె తగిలించి పాలూ ధాన్యమూ మోసుకున్నారు. మార్చి కట్టుకునే అలవాటు మనదొక్కరిదే కాదు. 1925లో ఫోర్డు కంపెనీవారే ఆ పెట్టెతో సహా బండి అమ్మడం మొదలుపెట్టినారు. మన దేశంలో 1954లో జంషెడ్‌పూర్‌లో టాటావారు జర్మనీ వారితో కలిసి లారీలు చేయడం ఆరంభించినారు. చాలా కాలం మనకు తెలిసినది రెండే రకాలు. ఒకటి ఎద్దుల బండి, రెండు పెద్ద లారీ. నడుమ వుండే చిన్న లారీ 1980లలో జపాను వారి పొత్తుతో వచ్చింది. డీసీఎం టొయోటా ఎంతగా వాడుకలోకి వచ్చిందంటే, ఏ కంపెనీ చిన్న లారీనైనా మన వూళ్ళలో డీసీఎం అనే అంటారు. హైదరాబాదు ఆల్విన్ వారు నిస్సాను వారితో కలిసి జహీరాబాదులో బండ్లు చేసినారు. ఆ ఫ్యాక్టరీ తరువాత మహీంద్రా వారి చేతికి పోయింది. 1986లో టాటా 407 వచ్చింది. 2005లో టాటా ఏస్ వచ్చింది. మొదటి ఏస్ మోయవలసిన బరువు 750 కిలోలు. ఆ వెనుకనే రకరకాల పికప్ బండ్లు. ఇరవై యేళ్ళలో మన పల్లె వాకిళ్ళలో బండ్లు కొట్టాలు మాయమై ఆ చోట పికప్ నిలబడింది.

ఇక్కడే అసలు తేడా వచ్చింది. ఎద్దు పోయింది. "ఇంక చాలు" అనే పెద్దమనిషి పోయినాడు. ఇంజను ఆ మాట చెప్పదు. గేరు తగ్గిస్తే యెంత బరువైనా మెల్లగా లాక్కుపోతుంది. బండిలో ఆ మాట కొంచెమైనా చెప్పగలిగినది ఒక్క కమాను కట్టే. బరువు మితి మీరితే అది కుంగి వెనక చాసిసీ రబ్బరు దిమ్మకు తగులుతుంది, ప్రతి గుంతలోనూ దబ్బుమని దెబ్బ వినబడుతుంది, బండి వెనక్కి కూలబడినట్టు కనబడుతుంది. మోకాళ్ళమీద పడిన ఎద్దు కూడా ఇట్లాగే కనబడేది. దానికి మనం చేసిన వైద్యం యేమిటి? రెండు పట్టీలు అదనంగా వేసినాం. కుంగడం ఆగింది, దబ్బుమనడం ఆగింది. బరువు మాత్రం యెక్కడికీ పోలేదు.

ఆ బరువు యెవరి నెత్తిన పడుతుందో చూడండి. ఇరుసు గొట్టం, చక్రం బేరింగులు, టైర్లు, బ్రేకులు, కమాను చాసిసీకి తగిలే చోటి బ్రాకెట్లు ఇవేవీ మనం మార్చలేదు గదా. అవి 750 కిలోలకో, వెయ్యిన్నరకో లెక్కగట్టినవి అట్లాగే వున్నవి. మొదట టైరు. నలభై డిగ్రీల ఎండలో తారు రోడ్డుమీద, మితిమీరిన బరువుతో టైరు పక్కలు నలిగి నలిగి వేడెక్కుతవి. పేలినప్పుడు మనం "టైరు మంచిది కాదు" అంటాం. తరువాత బ్రాకెట్టు దగ్గర చాసిసీకి సన్న చీలిక. అది పైకి కనబడదు, పెయింటు పొర కింద వెంట్రుక వాసి గీతలాగా వుంటుంది.

బ్రేకు సంగతి చాలామందికి తెలియదు కాబట్టి కాస్త నిలబడి చెప్తా. కొన్ని పికప్ బండ్లకు వెనక ఇరుసుకూ చాసిసీకీ నడుమ ఒక చిన్న కడ్డీ, దాని కొసన ఒక వాల్వు వుంటుంది. బండి కుంగితే ఆ కడ్డీ కదిలి, "బరువు యెక్కువగా వున్నది, వెనక బ్రేకు గట్టిగా పట్టాలి" అని వాల్వుకు చెబుతుంది. ఖాళీగా వుంటే వెనక బ్రేకు తగ్గిస్తుంది, చక్రం బిగుసుకొని జారకుండా. మరి అదనపు పట్టీలు వేసి బండిని కుంగనీయకుండా చేస్తే? లోపల రెండు టన్నులున్నా ఖాళీ బండే అనుకుంటుంది ఆ వాల్వు. యెక్కువ బ్రేకు కావలసిన సమయానికే తక్కువ బ్రేకు ఇస్తుంది. పట్టీలు వేసే షెడ్డులో దీన్ని గురించి అడిగేవాళ్ళు అరుదు. మీరు అడగండి.

అదనపు పట్టీ యెట్లాంటిదన్నది ఇంకో కథ. పాత లారీ కమానునో, విరిగిన దానిలో మిగిలిన ముక్కనో కోసి వేయడం మన దగ్గర వాడుక. అది మందం యెక్కువ, వంపు వేరు. ఇందాక చెప్పినట్టు మందమైన పట్టీ తన వంతుకు మించి లాగుడు తన మీద వేసుకుంటుంది. దాని వంపు మిగతా వాటితో కలవకపోతే ఒకే చోట ఒత్తిడి పెట్టి పక్క పట్టీని కొరుకుతుంది. కొందరు విరిగిన పట్టీని వెల్డింగు పెట్టిస్తారు. ఇది మాత్రం చేయవద్దు. కమాను ఉక్కును కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్ళీ మితమైన వేడి ఇచ్చి పదును పట్టిస్తారు. అందులోనే దాని సాగు గుణం వుంది. వెల్డింగు మంటకు ఆ పదును పోయి, అతుకు పక్కన గాజులాగా పెళుసవుతుంది. కొలిమిలో కాల్చి వంపు తెప్పించినా, తిరిగి సరిగా పదును పట్టించకపోతే నాలుగు లోడ్లకే మళ్ళీ వాలిపోతుంది. కొడవలికి పదును పెట్టడం తెలిసిన మన కమ్మరి తాతలకు ఇది చెప్పకుండానే తెలుసు.

అన్నిటికన్నా ప్రమాదం బోల్టులది. పట్టీలు పెరిగితే కట్ట లావు పెరుగుతుంది, పాత యు బోల్టుల పొడుగు చాలదు. నట్టు రెండు మూడు చుట్లమీదనే వేలాడుతుంది. గుంతల రోడ్డుమీద అది వదులవుతుంది. వదులైతే పట్టీలు ఒకదానిమీద ఒకటి జారి నడుమ బోల్టును కత్తెరలాగా తెంపుతవి. అప్పుడు ఇరుసు ఒక పక్క వెనక్కి జరుగుతుంది. బండి ఎండ్రకాయ నడిచినట్టు పక్కకు నడుస్తుంది. స్టీరింగు నేరుగా పట్టుకున్నా బండి మాత్రం రోడ్డు అంచుకు లాగుతుంది. పెద్ద పట్టీ చెవి దగ్గర విరిగినా ఇదే గతి. కోసి వేసిన పట్టీలకు చెవిని కాపాడే ఆ మడత వుండదు. నిండు లోడుతో, మలుపులో, ఇది జరిగిందంటే డ్రైవరు చేయగలిగింది చాలా తక్కువ.

పక్క తలుపులు యెత్తు పెంచడం కూడా దీనికి తోడు. బరువు పైకి పోయిన కొద్దీ మలుపులో బండి వాలు పెరుగుతుంది. కమాను మీద లేచి, దానిపైన యెత్తుగా పేర్చి, దానిపైన మనుషులు కూర్చుంటే బండి పల్లెటూరి నడకలో నెత్తిన ముంత మీద ముంత పెట్టుకున్న ఆడకూతురులాగా వుంటుంది. ఆమె అయితే నడక సర్దుకుంటుంది, బండి సర్దుకోలేదు. వెనక భాగం పొడిగించి, వెనక చక్రాలకు ఆవల సరుకు వేస్తే ఏతం లాగా ముందు భాగం తేలిపోతుంది. స్టీరింగు తేలికైందని కొందరు సంతోషిస్తారు. ముందు చక్రాలకు నేలమీద పట్టు తగ్గిందని దాని అర్థం.

అదనపు పట్టీల బండి ఖాళీగా పోయినప్పుడు కూడా సుఖం లేదు. కమాను వంగదు, కాబట్టి చక్రమే యెగురుతుంది. నేలను తాకని చక్రానికి బ్రేకు వేసి లాభం లేదు గదా. అంగడిలో సరుకు దింపి, డబ్బు జేబులో పెట్టుకొని, చీకట్లో వేగంగా ఇంటికి వచ్చే దారిలో యీ మాట గుర్తుకు రావలెను.

దీన్ని కనిపెట్టడానికి ఇంజనీరు అక్కరలేదు. తొలకరి వాన పడితే జొన్నగిరి, తుగ్గలి చేలలో వజ్రపు మెరుపు కోసం పొద్దంతా నేలమీద చూపు నిలిపే జనం మనం. ఆ చూపులో పదో వంతు బండి కిందికి పోనివ్వండి. సమమైన నేలమీద ఖాళీ బండిని నిలబెట్టి వెనక నుంచి చూడండి, ఒక పక్క వాలివుంటే ఆ పక్క కమాను అలసిందని గుర్తు. టైరుకూ పైనున్న రేకుకూ నడుమ ఎడం రెండు పక్కలా బెత్తతో కొలవండి. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి దాకా తాడు పట్టి కుడి ఎడమలు పోల్చండి, తేడా వుంటే ఇరుసు జరిగింది. పట్టీ అంచున అడ్డంగా సన్నని తుప్పు గీత కనబడితే అక్కడ చీలిక పుట్టింది. యు బోల్టు చుట్టూ మట్టి చెదిరి లోహం మెరుస్తుంటే అది కదులుతున్నది. టైరు ఒక అంచునే అరుగుతుంటే కారణం వెతకండి, టైరు మార్చి వూరుకోవద్దు. షాకిలు బుష్షులు అరిగినా, బండి పక్కకు లాగినా, అలవాటు లేని చప్పుడు వచ్చినా అంతే. ఇరుసు కీచుమంటే కందెన వేసిన తాతలకు మనుమలం మనం. పాటలు పెద్దగా పెట్టుకొని ఆ చప్పుడును ముంచేస్తే యెట్లా?

ఇప్పుడు మనుషుల సంగతి. 2024 సెప్టెంబరులో తూర్పు గోదావరి జిల్లా దేవరపల్లి మండలంలో జీడిపిక్కల లోడు చిన్న లారీ బోల్తా పడి ఏడుగురు చనిపోయినారు. 2025 జూలైలో ఉమ్మడి కడప జిల్లా పుల్లంపేట మండలంలో, రెడ్డిపల్లి చెరువు కట్టమీద మామిడికాయల లారీ తిరగబడి తొమ్మిదిమంది కూలీలు చనిపోయినారు. వారు సరుకు మీద కూర్చొని పోతున్నవారు. ఆ రెండు చోట్లా కమాను విరిగిందని నేను చెప్పడం లేదు. బండి తిరగబడినప్పుడు లోపల కూర్చున్నవాడికీ, లోడుమీద కూర్చున్నవాడికీ వుండే తేడా చెబుతున్నాను. లోడుమీది మనిషి ముందు కింద పడతాడు, తరువాత వాడిమీద సరుకు పడుతుంది. పత్తి తీతకు, మిరప కోతకు, వుల్లిగడ్డ పీకడానికి మన ఆడవాళ్ళు తెల్లవారుజామున యెక్కేది యీ బండ్లే. సుగ్గికి పోయే కుటుంబాలు పిల్లలతో సహా యెక్కేదీ యీ బండ్లే.

చట్టం యేమంటుందో కూడా తెలుసుకోవడం మంచిది. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను, కంపెనీ ఇచ్చిన రూపానికీ ఆర్.సి.లో రాసిన దానికీ భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 సవరణ తరువాత అధిక లోడుకు ఇరవై వేల రూపాయలూ, పైన ప్రతి టన్నుకూ రెండు వేలూ జరిమానా. జరిమానా ఒకసారి పోయే డబ్బు, కట్టి వచ్చేస్తారు. బీమా సంగతి అట్లా కాదు. 1994 సవరణ ప్రకారం సరుకు బండిలో తన సరుకుతో పాటు పోయే యజమానికి, లేదా అతని తరఫు మనిషికి బీమా వర్తిస్తుంది. అంతకు మించి ఊరికే యెక్కినవాడికీ, చార్జీ ఇచ్చి యెక్కినవాడికీ సరుకు బండి బీమా కంపెనీ బాధ్యత లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పుడు ఆ పరిహారం బండి యజమాని మీదికి వస్తుంది. మన దగ్గర బండి యజమాని అంటే చాలాసార్లు మీవంటి రైతే, వాయిదాల మీద బండి తీసుకున్న రైతు కొడుకే.

"సార్, మీరు చెప్పేదంతా బాగనే వుంది. టమాటా ధర పడిపోయినప్పుడు బాడుగ కూడా రాదు, యెక్కువ వేయక యేం చేయమంటారు?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దురాశతో యెవరూ యెక్కువ వేయడం లేదు. లెక్క కోసం ఒక ట్రిప్పు బాడుగ 1,800 అనుకోండి. పాతిక కిలోల బాక్సులు ముప్పయి వేస్తే 750 కిలోలు, బాక్సుకు అరవై రూపాయల బాడుగ. అరవై బాక్సులు వేస్తే బాక్సుకు ముప్పయ్యే. ధర కుప్పకూలిన రోజున ఆ ముప్పయి రూపాయలే రైతుకు మిగిలేదో, మిగలనిదో తేలుస్తుంది. అంచేత "తక్కువ వేయండి" అని ఉపదేశం చేసి లేచిపోతే అది నా వుద్యోగానికి సరిపోతుందేమో గాని మీకు సరిపోదు.

దారి వేరే వుంది. అరవై బాక్సుల సరుకుకు అరవై బాక్సుల బండి కావలెను. ముగ్గురు నలుగురు పక్క చేలవాళ్ళు ఒకే రోజు తెంపుకొని, కలిసి ఒక డీసీఎం మాట్లాడుకుంటే బాక్సు బాడుగ దాదాపు ఆ తక్కువకే దిగుతుంది. ఆ బండి కమాను ఆ బరువుకే పుట్టింది. దీనికి అడ్డం వచ్చేది డబ్బు కాదు, ఒకే రోజు తెంపడానికి కుదరకపోవడం, నువ్వు ముందా నేను ముందా అన్న పట్టింపు. రైతు సేవా కేంద్రాల్లో పనిచేసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు యీ చోట చేయగలిగింది వుంది. ఏ రైతు చేను యే వారం తెంపుకు వస్తుందో మీ దగ్గర పంట నమోదులో వున్నది. ఒకే దారిలోని నలుగురిని ఒకచోట కూర్చోబెట్టడం మీ చేతిలో పని.

బండి యజమానులకు చివరగా ఒక పని చెప్తాను. కాటాకు పోయి ఒకసారి ఖాళీ బండి తూకం, ఒకసారి మీరు రోజూ వేసే లోడు తూకం వేయించండి. ఆర్.సి.లో రాసిన మొత్తం బరువు పక్కన ఆ రెండు చీటీలూ పెట్టి చూడండి. డ్రైవరును, క్లీనరును, పైన యెక్కే మనిషినీ కూడా ఆ బరువులో కలపండి. కమాను కట్టలో పట్టీ మార్చవలసి వస్తే, బండి కంపెనీ కొలతకు సరిపోయే పట్టీనే వేయించండి. రెండు పక్కలా ఒకేసారి చూపించండి, ఎడమది అలిసిందంటే కుడిది కూడా అదే దారిన వచ్చిందే. పాత యు బోల్టులు తిరిగి బిగించవద్దు, కొత్తవి వేయించండి. నట్టు పైన బోల్టు మర కొంత బయటికి కనబడాలి. నాలుగైదు వందల కిలోమీటర్లు నడిచిన తరువాత అదే షెడ్డుకు పోయి మళ్ళీ బిగింపు చూపించుకోండి. ఆ తేదీ డాష్‌బోర్డు మీద సుద్దముక్కతో రాసి పెట్టుకుంటే మరుపు రాదు.